ఇంటిబండి కింద మూడు రంధ్రాలు

నాకు దయ్యాలంటే భయం లేదు, కోపం ఉంది. బతికున్నవాళ్ళతో వేగలేక చస్తున్న చోట చచ్చినవాళ్ళు కూడా వచ్చి పనికి అడ్డం పడితే కోపం రాక ఏం చేస్తుంది? దుబాయ్‌కి అవతల ఫుజైరా కొండల్లో ఆ ఇంటిబండిని బాగుచేసిన చలికాలమంతా నేను ఆ కోపంతోనే పానా పట్టాను.

ఇంటిబండి అని మేం పెట్టుకున్న పేరు. ముందు వ్యానుకు ఉన్నట్టే ఇంజనూ స్టీరింగూ ఉంటాయి. వెనక మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, బట్టలు పెట్టుకునే అరలు. తెల్లదొరలు ఇల్లు వెంటేసుకుని దేశాలు తిరగడానికి చేసుకున్న బండి అది. మా రాళ్ళ క్రషర్ యార్డులో, పాత బెల్టుల గుట్ట పక్కన, నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయి ఏళ్ళ తరబడి నిలబడి ఉండేది. మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడలో ఎవరూ కూర్చునేవారు కాదు. కొండలు కొలవడానికి వచ్చిన ఒక ముసలి దొర అందులో ఒక్కడే ఉండేవాడట. ఒక చలికాలం పొద్దున చూస్తే మంచం మీద చచ్చిపోయి ఉన్నాడట.

చూసింది మా మెస్ వంటాయన. కడప నుంచి వచ్చిన పెద్దమనిషి, అందరికీ చాచా. నేను ఆ క్రషర్‌లో చేరేసరికే ఆ కథ పాతబడింది. అయినా కొత్తవాడు దొరికితే చాలు, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

"పండుకున్నోడు పండుకున్నట్టే ఉండాడు నాయనా. మొగంలో బాధ లేదు, ఏం లేదు. రాత్రి చా పెట్టుకున్నట్టుండాడు, కేతిలి పొయ్యి మీదనే ఉండాది. పొయ్యంతా తడి. నేను పాలు ఇద్దామని పోయినోణ్ణి, పాలు పారబోసుకుని ఉరికొచ్చినా."

గుండె ఆగిపోయిందని డాక్టరు రాశాడట. శవాన్ని దుబాయ్ మీదుగా వాళ్ళ దేశానికి పంపారు. బండి కోసం ఎవరూ రాలేదు.

నాది నిజామాబాద్ పక్క పల్లె. ఎనభైల మొదట్లో ఆ క్రషర్‌లో డీజిల్ మెకానిక్‌ని. పెళ్ళాం పుట్టింట్లో ఉండేది. నేను దుబాయ్ వచ్చాక కూతురు పుట్టింది. మొదటి సెలవుకి వెళ్తే ఆ పిల్ల నన్ను చూసి జడుసుకుని అమ్మమ్మ కొంగులో దూరింది. ఉన్నన్నాళ్ళూ బిస్కెట్లు పెట్టి, గాలిబుడగలు ఊది మచ్చిక చేసుకున్నాను. తీరా దగ్గరికి రావడం మొదలుపెట్టేసరికి నా సెలవు అయిపోయింది. తిరిగి విమానం ఎక్కినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళుమంట వచ్చింది. ఇంకో సెలవుకి మళ్ళీ పరాయివాడిగా వెళ్ళి నిలబడను అని గట్టిగా అనుకున్నాను.

కూలి పనికి వచ్చినవాళ్ళు పెళ్ళాం బిడ్డల్ని తెచ్చుకోవడం ఆ రోజుల్లో వినని మాట. అయినా వెళ్ళి మా కఫీల్‌ని, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానిని, అడిగాను. ముసలాయన మంచివాడే, కాకపోతే మాట పొదుపు. వేళ్ళు చూపించి రెండు ముక్కల్లో తేల్చేశాడు. "బైత్ మౌజూద్, వీజా మౌజూద్. బైత్ మాఫీ, వీజా మాఫీ." ఇల్లుంటే వీసా, లేకపోతే లేదు. ఆరుగురం ఉండే రేకుల గదిని ఇల్లని ఎవరూ అనరు. నేను తల వంచుకుని వెనుదిరుగుతుంటే ఆయనే పిలిచి, కిటికీలోంచి యార్డులోని బండి వైపు గడ్డం ఎత్తాడు. బాగుచేసుకో, అందులో ఉండు, కానీ యార్డులో వద్దు, కొండ పగలగొట్టడానికి బాంబులు పేల్చే చోటికి దూరంగా వాగు అవతలికి తోలుకుపో. అదీ షరతు. యల్లా, ఇక పో, అన్నాడు.

మాకు సెలవు శుక్రవారం. మొదటి శుక్రవారం తలుపు తీశాను. తాళం లేదు, తుప్పే తాళం. లోపల దుమ్ము మోకాళ్ళ దాకా ఉంటుందనుకున్నాను. అంత లేదు. అన్ని సందులకీ ఆ దొర గుడ్డలు కుక్కి పెట్టాడు. మంచం మీద పరుపులో మనిషి ఆకారం గుంట పడి ఉంది, తల, భుజం, ముడుచుకున్న మోకాళ్ళు. గడ్డం గీసుకునే అద్దం ఒకటి గోడకు బిగించి ఉంది. ఎత్తుగా ఉంది. నేను ఎదురుగా నిలబడితే నా జుట్టు మాత్రమే కనిపించింది. ఆ అద్దం పొడుగు మనిషిది. దాంట్లో నా మొహం కనిపించకపోవడం నాకెందుకో అస్సలు నచ్చలేదు.

పొయ్యి మర పూర్తిగా తిప్పి ఉంది. బయట డబ్బాలో ఉన్న సిలిండర్ మూత కూడా తెరిచే ఉంది, లోపల చుక్క గ్యాసు లేదు. అంత దూరం నుంచి కొండలు కొలవడానికి వచ్చినవాడికి పొయ్యి ఆర్పడం రాదా అని నవ్వుకున్నాను. పొయ్యి కింది అరలో, నేలలో, మూడు గుండ్రటి రంధ్రాలు ఉన్నాయి. వాటిలోనూ గుడ్డలే. చారల పైజామా చించి కుక్కాడు. లాగిపారేశాను.

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు. మధ్యాహ్నం కొండ మీద నుంచి గాలి దిగగానే ఆ మూడు రంధ్రాల్లోంచి 'హూ...' అని పైకి వచ్చేది. కాసేపు ఆగేది. మళ్ళీ 'హూ...'. ఎవరో మంచం మీద నిద్రపోతూ ఊపిరి తీసినట్టే. సాయం పట్టడానికి వచ్చిన ఇద్దరు వెల్డర్లు పనిముట్లు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. చాచా గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా, పెదాలు కదుపుతూ ఏదో చదువుకుని వెనక్కి తిరిగాడు.

"ఒంటరిగా చేసుకో నాయనా. ఆయనా ఒంటరోడే" అన్నాడు.

ఒంటరిగానే చేసుకున్నాను. పరుపు బయటికి ఈడ్చి కర్రతో బాదాను. దుమ్ము పోయింది కానీ గుంట పోలేదు. చివరికి డీజిల్ పోసి తగలబెట్టాను. కుట్లు తెగి కాలుతున్నప్పుడు పరుపు ఒక వైపు పైకి లేచింది. నేను వీపు తిప్పుకుని నిలబడ్డాను.

ఇక కష్టాలు చెప్పాలంటే ఎన్నని చెప్పను. నేల చెక్క అంతా చివికిపోయి ఉంటే సెంట్రింగ్ పనిలో పక్కన పడేసిన ప్లైవుడ్ అడిగి తెచ్చి కోసి వేశాను. ఆ వారమే వాన కురిసింది. ఏడాదికి ఒకసారి కురిసే దేశంలో సరిగ్గా నేను నేల పరిచాకే కురిసింది. పైకప్పు కారి కొత్త చెక్క అప్పడంలా ఉబ్బింది. మళ్ళీ పీకి మళ్ళీ వేశాను. సీట్లలోని నురుగు ఎండలో ఆరబెడితే కఫీల్ మేకలు తినేశాయి. మేకలకి ఏమీ కాలేదు, నాకే అజీర్తి చేసింది. అది పెట్రోలు ఇంజను, నేను డీజిల్ మనిషిని. కార్బురేటర్ విప్పి ముందు వేసుకుని కొత్తగా ఓనమాలు దిద్దుకున్నట్టు కూర్చునేవాణ్ణి. సామాను కోసం దుబాయ్‌లోని డేరా బజారుకి వెళ్ళాలి. షేర్ టాక్సీలో కొండలు దాటి, శుక్రవారం కాబట్టి సాయంత్రం దాకా మూసి ఉన్న కొట్ల ముందు కాళ్ళు పీకేలా తిరిగి, చీకటి పడ్డాక ముందు అద్దానికి రబ్బరు కొన్నాను. తెచ్చి పెడితే చెయ్యెడు తక్కువైంది. మళ్ళీ శుక్రవారం మళ్ళీ డేరా.

వీటన్నిటికీ విసుగు వచ్చేది, అంతే. భయపడాల్సిన అవసరం లేని విసుగు. లోపలికి వెళ్ళి ఒక్కణ్ణే పనిచేస్తున్నప్పుడు వచ్చేది వేరు. పనిరోజుల్లో, భోజనం వేళ నేను లోపల ఉండగా, యార్డులో బాంబులు పేల్చినప్పుడు బండి అదిరి అరల తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకునేవి. దానికి కారణం ఉంది కాబట్టి పర్వాలేదు. పేల్చని రోజున కూడా ఒకటి రెండు తెరుచుకునేవి. నేను వెళ్ళి మూసేవాణ్ణి. కాసేపటికి మళ్ళీ తెరుచుకునేవి. "ఏం కావాలయ్యా నీకు? ఏం ఎతుకుతున్నవ్?" అని ఒకసారి పెద్దగా అరిచాను. ఖాళీ బండిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేల కిందినుంచి 'హూ...' అని వచ్చింది. చేతిలోని సుత్తి విసిరికొట్టాను. అరకు సొట్ట పడింది, దాన్ని సరిచేయడం ఇంకో పని.

ఆ శబ్దాన్ని మాత్రం భరించలేకపోయాను. ఇసుక కూడా అక్కడినుంచే వస్తోంది కదా, తేళ్ళు కూడా రావొచ్చు, పిల్ల నేల మీద ఆడుకుంటుంది అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అల్యూమినియం రేకు కత్తిరించి, చుట్టూ లప్పం పెట్టి, మూడు రంధ్రాలనూ మూసి రివెట్లు కొట్టాను. దొరలాగా గుడ్డలు కుక్కే మనిషిని కాదు నేను, పని చేస్తే పక్కాగా చేస్తాను. ఆ సాయంత్రం గాలి వీచింది, బండిలో చప్పుడు లేదు. నిశ్శబ్దంగా, ఇల్లులా ఉంది. గెలిచాననుకున్నాను. సంతోషంతో మెస్‌కి వెళ్ళి చాచా చేతి చాయ్ రెండు గ్లాసులు తాగాను.

దొర పొయ్యి తుప్పు పట్టి పోయింది. మెస్‌లో పక్కన పెట్టిన పెద్ద పొయ్యి ఒకటి చాచా ఇచ్చాడు, బిర్యానీ దేగిసాలకు పెట్టేది. దాన్ని బిగించి, కొత్త పైపు వేసి, నిండు సిలిండర్ తగిలించాను. మంట వెడల్పుగా, నీలంగా, హోరుమని వచ్చింది. కిటికీలకు కొత్త రబ్బరు, తలుపుకు కొత్త రబ్బరు. లోపలంతా లేత ఆకుపచ్చ రంగు వేశాను. వీసా వచ్చింది. టికెట్ పంపాను. ఊరికి రాసిన ఉత్తరంలో మంచి ఇల్లు దొరికిందని రాశాను. చక్రాల సంగతి రాయలేదు, దొర సంగతి అసలే రాయలేదు. క్యాంపులో అందరికీ వేలు చూపించి చెప్పాను, నా పెళ్ళాం చెవిన ఈ కథ వేసినవాడి పళ్ళు రాలగొడతానని. చాచాకి మాత్రం చేతులు పట్టుకుని చెప్పాను.

వాళ్ళు రావడానికి ముందు నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బండిని కదిలించాను. వాగు మధ్యలో ఆగిపోయింది. లోడర్ డ్రైవర్ గొలుసు కట్టి అవతలికి లాగాడు. నా ఇల్లు అలా ఈడ్చుకుంటూ వచ్చి రెండు గాఫ్ చెట్ల పక్కన, మన జమ్మి చెట్లే అవి, నిలబడింది.

దుబాయ్ విమానాశ్రయంలో నా కూతురు నన్ను గుర్తుపట్టలేదు. తల్లి వెనక దాక్కుంది. నేను తొందరపడలేదు. ఇక చాలా రోజులు ఉన్నాయి కదా అనుకున్నాను.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే పెళ్ళాన్నీ పిల్లనీ బండి దగ్గరికి తీసుకొచ్చాను. నా పెళ్ళాం బండి చుట్టూ ఒకసారి తిరిగి చక్రాల దగ్గర ఆగింది.

"గిదేం ఇల్లయ్యా? ఇంటికి చక్రాలుంటయా?"

"ఉంటే ఏమైతది? నచ్చకపోతే ఇంకో కాడికి తోలుకపోవచ్చు."

"ఇంజన్ నడుస్తదా?"

"సగం దూరం నడుస్తది" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు విని నాకు చలికాలం అంతా పడ్డ కష్టం దిగిపోయింది. లోపలికి వెళ్ళి ఒక్కొక్కటీ ముట్టుకుని చూసింది. అద్దం దగ్గర ఆగి, మునివేళ్ళ మీద లేచినా అందక, "ఎవలో పొడుగు మనిషిదున్నట్టుంది గీ అద్దం" అంది. నేను వినిపించుకోనట్టు సిలిండర్ చూడ్డానికి వెళ్ళాను.

ఇల్లయితే పాలు పొంగించాలి. అది బండి కదా, నిమ్మకాయలతో సరిపోతుందంటే ఆమె ఒప్పుకోలేదు. ఊరినుంచి కొత్త ఇత్తడి గిన్నె, పసుపు, కుంకుమ తెచ్చుకుంది. పై అర మీద దేవుడి పటం పెట్టి దీపం ముట్టించింది. ఆ గిన్నెకు ఆ పొయ్యి చాలా పెద్దది. పాలు ఒక్క ఉదుటున లేచి నాలుగు వైపులా పొంగి పొర్లాయి. తూర్పు వైపు కూడా పొంగాయని ఆమె చప్పట్లు కొట్టింది. మంట చుయ్‌మని ఆరిపోయింది. పిల్ల కూడా నవ్వింది.

మా ఇళ్ళల్లో కట్టెల పొయ్యి. మంట ఆరిందంటే పొయ్యి ఆరినట్టే. ఆమె జీవితంలో గ్యాసు పొయ్యి చూడడం అదే మొదలు. మర తిప్పి గ్యాసు కట్టేయడం నాకు తెలుసు, కానీ ఆ క్షణంలో నేను గ్లాసుల్లో పాలు పోసి బయట నిలబడ్డ స్నేహితులకి ఇస్తున్నాను. ఆమె కట్టేసిందని నేననుకున్నాను. కట్టేయాల్సింది ఒకటుందని ఆమెకు తెలియదు. చాచా అక్కడుంటే చూసేవాడు. వంటపని ముగించి, దూరంగా ఊళ్ళో ఉన్న మసీదుకి జుమ్మా నమాజుకని వెళ్ళాడు.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. చాచా వెళ్తూ పంపిన అన్నం తిన్నాం. గాలి మొదలైంది. తలుపులోంచి ఇసుక కొట్టి దీపం ఆరిపోయింది. నేను తలుపూ కిటికీలూ మూశాను. కొత్త రబ్బర్లు గట్టిగా పట్టాయి. వాటిని చూసి గర్వపడ్డాను కూడా.

"దీపం ఆరిపాయె. మంచిగ లేదు, ముట్టిస్త" అని ఆమె అగ్గిపెట్టె తీసింది.

"రంగు ఇంకా పచ్చి మీదుంది. వాసన చూస్తలేవా? ఇప్పుడు పుల్ల గీస్తే గోడ అంటుకుంటది. లేచినంక ముట్టిద్దువు తియ్యి" అని కసిరాను. నాకెప్పుడూ నోరు దురుసే. ఆమె మొహం చిన్నబుచ్చుకుని అగ్గిపెట్టె కొంగున ముడేసుకుంది.

"గీ వాసన రంగుదేనా?" అంది.

"కాకపోతే నీ అత్తరుదా?" అన్నాను. ఏళ్ళ తరబడి డీజిలూ రాతిపొడీ పీల్చిన నా ముక్కుకి ఏ వాసనా సరిగా తెలిసేది కాదు. రంగు వాసన అని నేను నిజంగానే అనుకున్నాను.

పిల్ల నేల మీద, ఊరి నుంచి తెచ్చిన బొంత మీద పడుకుంది. మంచం ఎక్కమంటే రాలేదు, నేను ఉన్నానని. ఆమె మంచం మీద ఒరిగింది. ప్రయాణం బడలిక, వెంటనే నిద్రపోయింది. నేను ముందుకు వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, నా ఇంట్లో నా వాళ్ళు నిద్రపోతున్నారని అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. అంత తృప్తిగా నేనెప్పుడూ నిద్రపోలేదు.

ఆమె కేకకు లేచాను. తల దిమ్ముగా ఉంది. చూస్తే ఆమె తలుపును భుజంతో తోస్తోంది, కొత్త రబ్బరు అంటుకుని అది రావడం లేదు. "తియ్యి! తలుపు తియ్యి! లోపట ఎవలో ఉన్నరు!" అని అరుస్తోంది. వెళ్ళి తన్నాను. తలుపు తెరుచుకుని గాలీ ఇసుకా ఒక్కసారి లోపలికి వచ్చాయి. ఆమె వంగి బిడ్డను ఎత్తుకుని దూకింది.

పిల్ల తల వెనక్కి వాలిపోయింది. చేతులు వేలాడుతున్నాయి. పెదవుల చివర నురగ. తల్లి బిడ్డను పేరు పెట్టి పిలుస్తోంది, చెంపల మీద కొడుతోంది, పిల్ల కళ్ళు తెరవదు. నేను బండి వైపు తిరిగాను. దొరా, నీ బండి నువ్వు తీసుకో, నా బిడ్డను వదిలేయ్ అన్నాను. పైకే అన్నాను. నమ్మకం లేదన్న మనిషిని, ఆ ఖాళీ గుమ్మం వైపు రెండు చేతులూ జోడించి అన్నాను.

చాచా అప్పుడే నమాజు నుంచి వస్తూ మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు. పిల్లను లాక్కుని బోర్లా పట్టి వీపు మీద చరిచాడు, గాలికి ఎదురుగా తిప్పి పట్టాడు. పిల్ల కక్కుకుంది. దగ్గింది. తర్వాత ఏడ్చింది. అంత గట్టిగా ఏ పిల్లా ఏడ్వగా నేను వినలేదు. ఏడుస్తూ చేతులు చాచింది. దగ్గర ఉన్నది నేనే. నా మెడ పట్టుకుంది.

చాచా బండి గుమ్మంలో తల పెట్టాడు. అంత వరకు ఎప్పుడూ లోపలికి అడుగు పెట్టని మనిషి. ఒక్కసారి గాలి పీల్చి అరిచాడు.

"గ్యాసు! అగ్గిపుల్ల ముట్టుకోవాకండి! ఎవురూ లోపలికి రావాకండి!"

ముక్కుకు రుమాలు కట్టుకుని లోపలికి వెళ్ళి మర కట్టేసి, కిటికీలు తీసి వచ్చాడు. బయట ఇసుకలో కూర్చున్నాడు.

"ఆ దినం కూడా ఇదే వాసన నాయనా" అన్నాడు రుమాలు విప్పుతూ. "చావు వాసన అనుకుంటి. నాకేం తెలుసు? అప్పట్లో మాకు కిరసనాయిలు పొయ్యిలే."

కేతిలి కింద పొయ్యంతా తడి. పూర్తిగా తిప్పి ఉన్న మర. ఖాళీ సిలిండర్. రంధ్రాల్లో చారల పైజామా ముక్కలు. అన్నీ నేను నా కళ్ళతో చూసినవే. నీళ్ళు పొంగి మంట ఆరింది, ఆయన చూసుకోలేదు, చలికి అన్నీ మూసుకుని పడుకున్నాడు. ఆ గ్యాసు గాలి కన్నా బరువు, కిందికి దిగుతుంది. అది బయటికి పోవడానికే ఆ బండి చేసినవాళ్ళు నేలలో మూడు రంధ్రాలు పెట్టారు. దొర వాటిని గుడ్డలతో మూశాడు. నేను రేకు కొట్టి మూశాను. శుక్రవారం తర్వాత శుక్రవారం నేను బాగుచేసింది ఇల్లు అనుకున్నాను. ఆయన చావును ఒక్కొక్క మేకే బిగించి మళ్ళీ సిద్ధం చేశాను, అందులో నా బిడ్డను పడుకోబెట్టాను.

"నన్ను లేపిండు" అంది ఆమె అప్పుడు. "చెయ్యి పట్టి గుంజిండు. పొడుగు మనిషి, ముసలాయన. లే, లే అన్నడు. నీకు ఎర్కనే గదా ఆయన? చెప్పు."

ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ క్యాంపులో అందరినీ తలుచుకుని ఒట్టు పెట్టి చెప్పగలను. అద్దం ఎత్తు చూసి పొడుగు మనిషి అనుకుంది, గ్యాసు మత్తులో కల వచ్చింది అని నాకు నేను చెప్పుకుంటాను. ముసలాయన అని ఎలా తెలిసిందో మాత్రం చెప్పుకోలేను.

అంతా చెప్పాను. చచ్చింది ఎవరు, ఎలా, ఎక్కడ. మా వైపు చెడు నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇల్లు నెలల తరబడి పాడు పెడతారు. తాళం వేసి, ఎవరూ అడుగు పెట్టరు. ఇక ఆమె తిరుగు టికెట్ అడుగుతుందని ఎదురుచూశాను. అడిగితే కాదనే హక్కు నాకు లేదు. వీసా, ఇల్లు, బిడ్డ, అన్నీ అక్కడితో ఖలాస్ అనుకున్నాను. ఆమె బిడ్డను ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చుంది.

నేను ఉలీ సుత్తీ తీసుకుని బండి కిందికి దూరాను. వెల్లకిలా పడుకుని ఒక్కొక్క రివెట్టూ కొట్టాను. లప్పం, రేకు పొడి కళ్ళల్లో పడ్డాయి. ఏడుస్తున్నానో కళ్ళు మండుతున్నాయో తెలియలేదు. మూడో రేకు ఊడి నా ఛాతీ మీద పడింది. ఆ వెంటనే గాలి వచ్చింది. పైకి, లోపలికి, పొడుగ్గా. 'హూ...'

"గదేంది?" అంది ఆమె బయటినుంచి.

"గాలి" అన్నాను.

కాసేపు వింది.

"గాలి కాదు. ఆయనకిప్పుడు ఊపిరాడుతున్నది" అంది. లేచి, చీర దులుపుకుని, బిడ్డను చంకనెత్తుకుని మెట్టెక్కింది. "ఇన్నేండ్లు పాడు వెట్టిండ్రు గద, ఇగ సాలు."

ఆ బండిలో కాపురం చేశాం. రెండో పిల్ల కూడా అందులో ఉండగానే పుట్టింది. గాలి వీచినప్పుడల్లా నేల కింద ముసలాయన ఊపిరి తీసేవాడు. నేను ఎన్నోసార్లు నిద్ర మధ్యలో లేచి, అది వినిపించేదాకా కదలకుండా పడుకునేవాణ్ణి. వినిపించకపోతే భయం. ఎవరి శబ్దం ఆపాలని అంత పని చేశానో, ఆ శబ్దం కోసం అలా ఎదురుచూసేవాణ్ణి. ఆమె శుక్రవారం శుక్రవారం చక్కెర లేని చాయ్ ఒకటి అద్దం కింద పెట్టేది. దొరకి చక్కెర వద్దని చాచా చెప్పాడు. తెలుగు రాని ముసలాయన నిన్ను లే అని ఎట్లా అన్నాడే అని నేను ఆటపట్టిస్తే, చచ్చినోళ్ళకు అన్ని భాషలు వస్తయి కావచ్చు అనేది. అద్దం మాత్రం కిందికి దించలేదు.

నిరుడు నా పెద్దకూతురు కొత్త ఇంట్లో చేరింది. బండిలో జరిగిన ఆ మధ్యాహ్నం సంగతి ఆమెకు ఏమీ గుర్తులేదు. ఆ కొత్త ఇంట్లోనూ పాలు పొంగాయి, నాలుగు వైపులా పొర్లాయి, చుట్టాలందరూ చప్పట్లు కొట్టారు. నేను వాళ్ళ మధ్యలోంచి తోసుకుని వెళ్ళి, వంగి, గిన్నె కింద మంట ఉందో లేదో చూశాను. ఉంది. తల ఎత్తేసరికి నా భార్య గదిలో అవతలి వైపు ఉంది, ఒక్కొక్క కిటికీ తెరుస్తూ.